వేగానికి వర్గమెందుకు?

ఉన్నత పాఠశాలల భౌతికశాస్త్ర పాఠాలలో గతిజ శక్తికి ఒక సూత్రం ఉన్నది. కదిలే వస్తువు ద్రవ్యరాశిని దాని వేగపు వర్గంతో గుణించి, వచ్చినదానిలో సగం తీసుకోవాలి. విద్యార్థి దీనిని కంఠస్థం చేస్తాడు. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకుంటాడు. వేగంతో ఒక్కసారి గుణిస్తే చాలదా, వర్గమెందుకు, పైగా ఆ సగమెందుకు అని అడిగే పిల్లవాడు అరుదు. అడిగితే విప్పి చెప్పే పెద్దలూ అరుదే. నిజానికి అది చిన్న ప్రశ్న కాదు. దానిమీద ఐరోపా ఖండపు మహామేధావులు ఇంచుమించు అరవై ఏండ్లు వాదులాడుకున్నారు.

1644లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ ఒక సిద్ధాంతాన్ని ప్రకటించాడు. సృష్టిలోని మొత్తం చలనం పెరగదు, తరగదు. ఒక వస్తువు పోగొట్టుకున్న చలనాన్ని మరొకటి పొందుతుంది. వస్తువు పరిమాణాన్ని వేగంతో గుణిస్తే దాని చలనానికి కొలత వస్తుందని ఆయన మతం. వినడానికి ఇది సహజంగానే ఉన్నది. నలభై ఏండ్లపాటు పలువురు పండితులు దానినే నమ్మారు.

1686లో జర్మను పండితుడు లైబ్నిట్జ్ ఒక చిన్న వ్యాసంలో ఈ కొలత తప్పని వాదించాడు. ఆయన వాదం గుణకారం తెలిసిన ఎవరికైనా బోధపడుతుంది. ఒక పౌను బరువును నాలుగు మూరల ఎత్తుకు లేపడానికి ఎంత శ్రమో, నాలుగు పౌన్ల బరువును ఒక మూర లేపడానికీ అంతే శ్రమ. ఇది డెకార్ట్ శిష్యులకూ సమ్మతమే. ఇప్పుడు ఆ రెంటినీ క్రిందికి వదలుదాం. గెలీలియో నిరూపించిన నియమం ప్రకారం, నాలుగు మూరలు పడిన వస్తువుకు ఒక మూర పడినదానికంటె నాలుగు రెట్ల వేగం రాదు. రెండు రెట్లే వస్తుంది. డెకార్ట్ లెక్కన మొదటిదానికి ఒకటిని రెంటితో గుణిస్తే రెండు. రెండవదానికి నాలుగును ఒకటితో గుణిస్తే నాలుగు. సమానమైన శ్రమకు ఫలం అసమానమైనది. వేగానికి బదులు వేగపు వర్గాన్ని తీసుకుంటే రెండు చోట్లా నాలుగే వస్తుంది. ఈ కొలతకు లైబ్నిట్జ్ ‘సజీవ శక్తి’ అని పేరు పెట్టాడు.

డెకార్ట్ అనుయాయులు ఒప్పుకోలేదు. ఇంగ్లండులో న్యూటన్ పక్షంవారూ ఒప్పుకోలేదు. వారి ఆక్షేపణ బలమైనదే. రెండు సమానమైన మట్టిముద్దలు సమాన వేగంతో ఎదురెదురుగా వచ్చి ఢీకొని, అతుక్కొని నిలిచిపోతే, ఆ సజీవ శక్తి ఏమైనట్టు? అది నశించలేదు, వస్తువులోని సూక్ష్మభాగాలలోనికి పోయింది, పెద్ద నాణేన్ని చిల్లరగా మార్చినట్లే అని లైబ్నిట్జ్ సమాధానం. అప్పటికి దానికి ఋజువు లేదు.

వాదాన్ని ప్రయోగానికి తెచ్చినవారిలో ప్రముఖుడు హాలెండు దేశంలోని లైడెన్ ఆచార్యుడు గ్రావెసాండే. ఆయన న్యూటన్ భక్తుడు. 1722లో ఒకే పరిమాణమూ వేర్వేరు బరువులూ గల ఇత్తడి గుండ్లను మెత్తని బంకమట్టిమీదికి జారవిడిచి, పడిన గుంటలను కొలిచాడు. గుంటలు వేగాన్ని అనుసరించలేదు. వేగపు వర్గాన్ని అనుసరించాయి. తన పక్షానికి ప్రతికూలమైనా ఆయన ఆ ఫలితాన్ని దాచలేదు, అభిప్రాయాన్నే మార్చుకున్నాడు.

ఆ గుంటల సాక్ష్యాన్ని ఫ్రాన్సులో సమర్థించిన విదుషి ఎమిలీ ద్యు షాత్లే. 1740లో ప్రకటించిన తన భౌతికశాస్త్ర గ్రంథంలో ఆమె లైబ్నిట్జ్ కొలతను బలపరచి, పారిస్ శాస్త్ర అకాడమీకి చెందిన మేరాన్ వాదాన్ని ఖండించింది. అకాడమీ కార్యదర్శి హోదాలో మేరాన్ 1741లో బహిరంగంగా జవాబు వ్రాస్తే, ఆమె ఆ ఏడే ప్రత్యుత్తరం అచ్చు వేయించింది. స్త్రీలకు సభ్యత్వమే ఇవ్వని అకాడమీతో సమాన స్థాయిలో జరిపిన వాదమది. ఆమెకు ఆప్తమిత్రుడైన వోల్టేరు సైతం ఈ విషయంలో ఎదుటి పక్షమే. 1749లో, ప్రసవమైన కొద్ది రోజులకే, ఆమె కన్నుమూసింది. న్యూటన్ మహాగ్రంథానికి ఆమె చేసిన ఫ్రెంచి అనువాదం 1759లో పూర్తిగా వెలువడింది.

ఇంతకూ గెలిచినది ఎవరు? ఇది మాటల పోరాటమేనని 1743లో ఫ్రెంచి గణితవేత్త దాలెంబేర్ అన్నాడు. ఒక వస్తువును ఒకే బలంతో ఎదురొత్తి ఆపుతున్నామనుకుందాం. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే కాలం రెట్టింపవుతుంది. ఆ రెట్టింపు కాలమంతా అది సగటున రెట్టింపు వేగంతో పోతుంది గనుక, సాగే దూరం నాలుగు రెట్లవుతుంది. బలం పనిచేసిన కాలాన్ని లెక్కిస్తే కొలతలో ఉండవలసినది వేగం. అది సాగిన దూరాన్ని లెక్కిస్తే వేగపు వర్గం. వస్తువు పరిమాణానికి మారుగా ద్రవ్యరాశిని తీసుకొని, వేగపు దిశను కూడా గణిస్తే మొదటిది నేటి ద్రవ్యవేగం. రెండవది నేటి గతిజ శక్తికి మూలం. ఇరుపక్షాలవారూ వేర్వేరు ప్రశ్నలకు సరియైన సమాధానాలే చెబుతూ, ఒకే ప్రశ్నకు చెబుతున్నామని భ్రమపడ్డారు.

మిగిలినది ఆ సగం. నిశ్చలస్థితి నుండి సమంగా పెరిగే వేగానికి సగటు, చివరి వేగంలో సగమే. బలాన్ని దూరంతో గుణించి ‘పని’ అని లెక్కిస్తే ఆ సగం దానంతట అదే వస్తుంది. 1829లో యంత్రాల లెక్కలకోసం ఫ్రాన్సు దేశీయుడు కొరియోలిస్ దానిని కొలతలో చేర్చాడు. మట్టిముద్దల చిక్కు 1840 తరువాత, ఇంగ్లండులో జౌల్ ప్రయోగాలతో విడిపోయింది. మాయమైనదనుకున్న శక్తి వేడిగా మారుతున్నది. లైబ్నిట్జ్ చెప్పిన చిల్లర ఇదే.

ఈ వర్గం పుస్తకానికే పరిమితమైనది కాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి బ్రేకు వేశాక కొంత దూరం సాగి ఆగుతుంది. అదే బండి 80 కిలోమీటర్ల వేగంతో పోతూంటే, అదే బ్రేకుకు ఆ దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. రోడ్డు దాటే బాలుడి ప్రాణం ఆ తేడామీద ఆధారపడవచ్చును. ఇంట్లో పిల్లలు ఈ సూత్రాన్ని వల్లెవేస్తూంటే, ఒక గోలీకాయను తడిమట్టిమీదికి జానెడు ఎత్తునుండి ఒకసారి, నాలుగు జానల ఎత్తునుండి ఒకసారి జారవిడిచి చూడమనండి. రెండవసారి దాని వేగం రెండింతలే. గుంట మాత్రం అంతకంటె ఎక్కువే పెరుగుతుంది. దానిని చూచిన పిల్లవాడు వర్గమెందుకని తనంతట తానే అడుగుతాడు.