మెటెల్కోవా బారకులు యెవరివి?

సైన్యం ఖాళీచేసిన బారకులు ప్రజలకు దక్కటం అరుదు. ఆ స్థలం మరో సైన్యానికైనా పోతుంది, భూముల వ్యాపారికైనా పోతుంది. స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానాలోని మెటెల్కోవా బారకులు యీ రెండూ తప్పించుకుని పాటకచేరీల వాడగా మారాయి. ఇది కమ్యూనిజంమీద స్వేచ్ఛ సాధించిన విజయమని రాసేవాళ్లున్నారు. నేను వొప్పుకోను.

ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తి సైన్యం కోసం 19వ శతాబ్ది చివర వీటిని కట్టటం మొదలుపెట్టారు. 1941లో ఇటలీ ఫాసిస్టులు నగరాన్ని ఆక్రమించి, మరుసటి యేడు దాని చుట్టూ ముళ్లతీగ బిగించారు. 1943లో వాళ్ల స్థానంలోకి జర్మన్లు వచ్చారు. 1945లో పార్టిజాన్ల విజయంతో బారకులు యుగోస్లావ్ ప్రజాసైన్యం చేతికొచ్చాయి. ప్రజల పోరాటంలోంచి పుట్టిన సైన్యమది. కాని 1988లో ఆ సైన్యపు న్యాయస్థానమే ల్యుబ్ల్యానాలో, పత్రికలతో సంబంధమున్న ముగ్గురినీ ఒక చిన్న సైనికోద్యోగినీ స్లొవీన్‌లో కాక సెర్బో-క్రొయేషియన్‌లో విచారించింది. ఊరు ఊరంతా వీధిన పడింది. కోర్టుల్లో తెలుగు కోసం యింకా అడుగుతూనే వున్న మనకి ఆ కోపం అర్థంకాకపోదు.

ఐతే బారకులు అడిగిందెవరు? సోషలిస్టు వ్యవస్థలోని విద్యార్థి సంస్థల నీడనే పెరిగిన యువకులు. 1969లో వెలిసిన రేడియో స్టూడెంట్, 1980 దశకపు పంక్ పాటగాళ్లు, సైన్యమే లేని స్లొవేనియా కావాలన్న శాంతివాదులు. కోపమూ, గొంతూ, కూడి పనిచేసే అలవాటూ ఆ వ్యవస్థ లోపలే వారికి అబ్బాయి. దాని మొద్దుతనాన్ని యెదిరించింది కూడా వారే. మన విమర్శకులు యీ రెండో వాక్యం రాసి మొదటిది మరచిపోతుంటారు.

1990లో వివిధ బృందాలు 'మెటెల్కోవా కోసం' ఒక కూటమి కట్టి బారకులు తమకిమ్మన్నాయి. పదిరోజుల యుద్ధం తర్వాత, 1991 అక్టోబరులో ప్రజాసైన్యం స్లొవేనియా వదిలి వెళ్లింది. 1993 సెప్టెంబరులో కూల్చివేత మొదలైంది. పంపింది బెల్‌గ్రేడ్ కాదు. స్వతంత్ర స్లొవేనియాలోని సొంత నగరపాలకులే. కళాకారులూ విద్యార్థులూ లోపలికి చొరబడి సగం కూలిన గోడలమధ్య కాపురం పెట్టారు. నగరం నీళ్లూ కరెంటూ కోసేసింది. ఐనా వాళ్లు కదలలేదు. ఆ చీకటి గదుల్లోంచే తర్వాత 'గాలా హాలా', 'మెంజా ప్రి కొరితు' వంటి కచేరీశాలలు లేచాయి. రెండో పేరుకి 'తొట్టిదగ్గరి భోజనశాల' అని అర్థం!

2003లో పాత సైనిక చెరసాల 20 గదుల వసతిగృహమైంది. గదులు తీర్చిదిద్దినవాళ్లు కళాకారులు. మరుసటి యేడే స్లొవేనియా నాటో కూటమిలో చేరింది. శాంతివాదులడిగిన దేశం రాలేదు, బారకులు మాత్రం మిగిలాయి. దక్షిణభాగంలో ప్రభుత్వ మ్యూజియాలు వెలిశాయి. ఉత్తరభాగంలో ఆక్రమించినవాళ్లు నిలిచారు, కాని భూమి నగరపాలనదే.  2006 ఆగస్టులో తనిఖీ అధికారులు లోపలికొచ్చి, అక్కడివారు 'చిన్నబడి' అని పిలుచుకునే కట్టడాన్ని నేలమట్టం చేశారు.