మన తాళం, ఈ నేల రాగి

మొన్నటి ఉగాది సంబరాల్లో మన పిల్లలు పాటల కచేరీ చేశారు. డ్రమ్స్ వాయించే కుర్రవాడు ప్రతి చరణం చివరా క్రాష్ సింబల్‌ను భళ్ళున కొడుతుంటే, ఊరినుంచి వచ్చిన ఒక పెద్దాయన "ఏమిటి నాయనా, ఇత్తడి పళ్ళెం జారిపడ్డట్టు!" అన్నారు. "ఇదీ తాళమే కదండీ తాతగారూ" అన్నాడు వాడు. ఎవరి మాట సబబో తేల్చుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేము వైద్యులము, ఛాతీపై వేలితో తట్టి, మోతనుబట్టి లోపలి సంగతి ఊహించడం మా విద్య. లోహానికీ అంతే. భజన తాళం చిన్నది, మందమైనది. తాకించగానే ఒక శ్రుతిలో ఖంగుమని నిలిచి మోగుతుంది. క్రాష్ పదహారు, పద్దెనిమిది అంగుళాల పలుచని రేకు. అంచున గట్టిగా కొడితే రేకంతా అల్లాడి, ఒక కంపనం మరెన్నింటినో లేపుతుంది. కనుక దానికి ఫలానా శ్రుతి ఉండదు. భళ్ళుమని లేచి, జల్లులా రాలి అణగిపోతుంది. తాళం లెక్క చెబుతుంది, క్రాష్ ఘట్టాన్ని చాటుతుంది. మేలురకం సింబల్స్‌కు వాడేది మన కంచులాంటి లోహమే: నాలుగు పాళ్ళ రాగి, ఒక పాలు తగరం.

ఆ రాగికి ఒమాన్ పుట్టిల్లు. సుమేరియనుల పలకల్లో రాగి దేశంగా కనిపించే మగన్ ఇదేనని పండితుల అభిప్రాయం. ఉత్తర బాతినా ప్రాంతంలో, సహమ్ విలాయత్‌లోని దహ్వా వద్ద జరిగిన తవ్వకాల్లో, నాలుగువేల ఏళ్ళకు పైబడిన కట్టడపు నేలకింద, ఒకదానిపై ఒకటి పేర్చిన జత తాళాలు దొరికాయి. ఆ పరిశోధన 2025లో 'యాంటిక్విటీ' పత్రికలో వెలువడింది. తాళాల రూపం సింధు నాగరికత తాళాలను పోలి ఉంది. కాని లోహంలోని సీసాన్ని పరీక్షిస్తే రాగి ఒమాన్‌దేనని తేలింది! అక్కడ సింధు మట్టిపాత్రల పెంకులూ దొరికాయి. సింధు ప్రజలు తెలుగువారని మేము అనబోము. వారి భాషే ఇంకా తేలలేదు. అయినా సముద్రం దాటినది సరుకు మాత్రమే కాదనీ, వాయించే పద్ధతి కూడా దాటి వచ్చి ఇక్కడి లోహంలో పలికిందనీ తోస్తుంది.

క్రాష్ కథా అటువంటిదే. ఇస్తాంబుల్‌లో తరతరాలుగా సింబల్స్ చేసిన అర్మేనియన్ జిల్జియన్ కుటుంబం 1929లో అమెరికాలో కర్మాగారం పెట్టింది. అక్కడి జాజ్ డ్రమ్మర్లు అడిగినకొద్దీ రేకులు పలుచనయ్యాయి.

వీసా గడువులు లెక్కపెట్టుకుంటూ బ్రతికే మనకు, పిల్లలు మనవి మరచిపోతారేమోనన్న బెంగ ఉన్నదే. దహ్వా తాళాలు చూస్తే కొంత ధైర్యం కలుగుతున్నది. పెద్దాయన చెవి తప్పు కాదు, కుర్రవాడి మాటా తప్పు కాదు. వచ్చే కార్యక్రమంలో డ్రమ్స్ పక్కన ఒక జత కంచు తాళాలు కూడా ఉంచి, ఆ తాతగారినే వాయించమని అడుగుదామని సభ్యులకు మా మనవి.