వడ్లవాడు జోజప్ప, పటాన్‌చెరు కార్మికుడు

దసరా పండుగనాడు పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము పారిశ్రామికవాడలలో యంత్రములను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, గేటు ముందర గుమ్మడికాయ కొట్టి ఆయుధపూజ చేయుట ఎల్లరెరిగినదే. ఒడిశా, బీహారు, బెంగాలు ప్రాంతములనుండి వచ్చిన కార్మికులు సెప్టెంబరు 17వ తేదీన విశ్వకర్మ ప్రతిమను నిలిపి పూజించుటయు ఈ వాడలకు కొత్త కాదు. పనిముట్టును పూజించు ఈ ఆచారము పక్కనే, పనిచేయు మనుష్యునికి పరలోకమునుండి ఒక తోడును ఏర్పరచు ఆచారమొకటి కతోలిక క్రైస్తవులలో కలదు. తమ వృత్తికి దగ్గరివాడైన పునీతుని ఎన్నుకొని, ఆతనిని పాలక పునీతుడని పిలిచి, ఆతని పండుగనాడు పని నిలిపి దివ్యబలిపూజలో పాల్గొనుట దాని స్వరూపము.

ఈ ఎన్నిక వెనుక ఒక పోలిక తప్పక ఉండును. క్రిస్పిన్, క్రిస్పినియన్ సోదరులు చెప్పులు కుట్టి బ్రదికిరనెడి ఐతిహ్యమువలన చర్మకారులకు పాలకులైరి. ఏడవ శతాబ్దిలో ఫ్రాంకు రాజుల కొలువున స్వర్ణకారుడై, పిదప మేత్రాణి (బిషపు) యైన ఎలీజియుసు లోహకారులకు పెద్దదిక్కయ్యెను. మాడ్రిడు నగరపు ఇసిదోరు ఒక భూస్వామి పొలమున దున్నిన పాలేరు. 1622లో, ఇగ్నేషియస్ లొయోలా, ఫ్రాన్సిస్ జేవియరు వంటి మహనీయుల సరసన ఈ పాలేరునుకూడ పునీతునిగా ప్రకటించిరి. ఆ వరుసలో ఆతని పేరు చదివినప్పుడెల్ల నాకు మనస్సు ఉప్పొంగును.

మధ్యయుగముల యూరపునందు ఈ భక్తి వృత్తిసంఘములతో పెనవేసికొని పెరిగినది. ఫ్లారెన్సు నగరమున ఓర్సాన్‌మికేలె అను మందిరము కలదు. దాని వెలుపలి గోడల గూళ్లలో నగరపు వృత్తిసంఘములు తమతమ పాలకుల శిల్పములను నిలిపినవి. కవచకారుల గూటిలో దొనతెల్లో చెక్కిన జార్జి నిలుచుండగా, రాతిపనివారును వడ్రంగులును నాన్ని ది బాంకోచేత నలుగురు మకుటధారులైన హతసాక్షులను చెక్కించిరి. ఆ నలుగురి పాదములక్రింద, చిన్న పలకమీద, గోడ కట్టుచు, రాయి తొలుచుచు, ప్రతిమ చెక్కుచున్న పనివారు, చేతులలో తమ పనిముట్లతోసహా, మలచబడియున్నారు. పునీతుడు పైన, పనివాడు క్రింద, ఇరువురు ఒకే గూటిలో! అయితే ఆ సంఘముల భక్తి కొవ్వొత్తులతోను శిల్పములతోను ముగియలేదు. సభ్యులు చెల్లించిన చందాలతో చనిపోయినవానికి సమాధి ఖర్చు పెట్టిరి, రోగియైనవానికి తిండి పెట్టిరి, విధవకును పిల్లలకును ఆసరా చూపిరి. ఈ రెండవ భాగమును మరచి మొదటిదానినే చెప్పుట పునీతుల చరిత్రను సగము చెప్పుటయే.

మన ప్రాంతమునకు వత్తము. హైదరాబాదు గన్‌ఫౌండ్రీ, పదునెనిమిదవ శతాబ్ది చివర నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు ఫిరంగులు పోతపోయించిన చోటు. ఆ కొలిమికి చేరువనే, 1870లో, మిలాను నగరమునుండి వచ్చిన మిషనరీ గురువులు, యేసును పెంచిన తండ్రియు వడ్లవాడునగు పునీత జోజప్ప పేర దేవాలయమునకు పునాది వేసిరి. 1875 క్రిస్మసునాటికి అందులో పూజ ప్రారంభమయ్యెను. ఆ 1870వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీననే తొమ్మిదవ పియుస్ పోపు జోజప్పను సార్వత్రిక శ్రీసభకు (కతోలిక సంఘమంతటికి) పాలకునిగా ప్రకటించెను. 1886లో ఏర్పడిన హైదరాబాదు మేత్రాసనము 1953లో అగ్రపీఠమైనది. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల కతోలికులు దాని క్రిందివారే. వీరి ఇండ్లలో పునీతుల పేర్లు తెలుగు తొడుగు తొడిగికొని తిరుగుచుండును: జోసఫు జోజప్పయై, జోజియై, జేవియరు శౌరియై, ఇగ్నేషియస్ ఇన్నాసియై, ఇన్నయ్యయై. పొరుగున మెదకులో 1924లో ప్రతిష్ఠితమైన మహాదేవాలయము, కరవుకాలమున కూలీలకు పని కల్పించుటకు మిషనరీయైన పాస్నెట్ దొర కట్టించెనని ప్రసిద్ధికెక్కినది. కాని అది ప్రొటెస్టెంటు సంప్రదాయమునకు చెందినది గనుక ఈ పాలకుల భక్తి అక్కడ కానరాదు.

జోజప్ప శ్రమజీవుల పాలకుడగుటకు మాత్రము ఇంకను కాలము పట్టినది. 1891లో పదమూడవ లియో పోపు కార్మికుల కూలిని గురించియు, సంఘము కట్టుకొను హక్కును గురించియు లేఖ వెలువరించెను. అప్పటికే, 1886 నాటి చికాగో కార్మికుల పోరాటమునుండి పుట్టిన మే 1వ తేదీ లోకమంతటను శ్రామికుల దినమగుచుండెను. 1955లో, అదే దినమున, పన్నెండవ పియుస్ పోపు ఇటలీ కార్మికుల మహాసభలో, శ్రామికుడైన జోజప్ప పండుగను నెలకొల్పెను. సువార్తలలో జోజప్ప పలికిన మాట ఒక్కటియు లేదు. వడ్లవాడను పేరును, ఇంటివారిని పోషించిన చేతులును మాత్రమే ఆతని చరిత్ర.

ఇక పటాన్‌చెరు పరిసరములను చూడుడు. 1960వ దశకమున రామచంద్రపురములో బి.హెచ్.ఇ.ఎల్., 1972లో మెట్టపంటల పరిశోధనకై ఇక్రిశాట్, 1984లో ఎద్దుమైలారమున యుద్ధశకటముల కర్మాగారము, వాటి నడుమ వరుసగా మందుల కంపెనీలు వెలసినవి. పునీతులను పంచవలెనన్న పంపకము కష్టము కాదు: మెట్టపంటలకు ఇసిదోరు, ఫిరంగులవారికి బార్బరా, మందులవారికి కోస్మాసు, దమియానులు. ఈ కడపటి సోదరులు పైకము పుచ్చుకొనక వైద్యము చేసిరని ఐతిహ్యము. అందుచేతనే తూర్పు క్రైస్తవులు వారిని ధనము అంటనివారని పిలిచిరి. ప్రపంచమునకు మందులు పంపు ఈ వాడలో వారి పేరు తలచుకొనదగినది.

కాని వృత్తియే నిలకడగా లేని కాంట్రాక్టు కార్మికునికి ఎవరు పాలకులు? ఈ నెల రియాక్టరు దగ్గర హెల్పరు, వచ్చు నెల లోడింగు కూలీ, ఆ పై నెల మరియొక కంపెనీ గేటు. స్వర్ణకారుడో చర్మకారుడో అని చెప్పుకొనుటకు వానికి పేరు లేదు. జోజప్ప ఒక్కడే వానికి సరిపోవును. సువార్త గ్రీకు మూలములో ఆతని వృత్తికి వాడిన మాటకు వడ్రంగి యనియే కాక కట్టుబడి పనివాడనియు అర్థము కలదు గదా!

2025 జూన్ 30వ తేదీన పాశమైలారములోని ఒక మందుల కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా మృతిచెందిరి. వారిలో పెక్కుమంది దూరప్రాంతములనుండి కూలికి వచ్చినవారు. ఇట్టి అకస్మాత్తు మరణమునుండి కాపాడుమని గనిపనివారును, మందుగుండువారును శతాబ్దములుగా వేడుకొనిన పునీత బార్బరా పేరు, చరిత్రాధారము చాలలేదని 1969లో శ్రీసభ సార్వత్రిక పంచాంగమునుండి తొలగినది. అయినను గనులవారు డిసెంబరు 4న ఆమె పండుగను నేటికిని జరుపుచునే యున్నారు. ప్రమాదము పక్కనే బ్రదుకువారు పంచాంగము కొరకు ఆగరు.

ఈ వాడల విచారణ గురువులకును పెద్దలకును నా మనవి ఒకటి. రాబోవు మే 1వ తేదీన జోజప్ప పండుగ పూజలో, ఏ మతమువారెందరని విచారింపక, పాశమైలారమున మృతులైన కార్మికుల పేర్లను వరుసగా చదువుడు. ఆనాటి కానుకలను, పూర్వపు వృత్తిసంఘములు చేసినట్లు, వారి విధవలకును పిల్లలకును పంపుడు.