ఇంటికి వచ్చిన ఇంగ్లీషు గురువు

జూబిలీహిల్సు, ఫిలింనగరు అనగానే మనకు స్ఫురించునది సినిమా. ఆ రాళ్లగుట్టలమీద తారల మేడలును, స్టూడియోలును, డబ్బింగు గదులును కలవు. కాని యాపేటకు చదువుల చరిత్రయు నొకటి కలదు.

1982వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. భారతదేశమున నట్టివానిలో నిదియే మొదటిది. ఆచార్య జి. రాంరెడ్డిగారు దాని తొలి వైస్‌ఛాన్సలరు. 1991లో దానికి డాక్టరు అంబేద్కరుగారి పేరు పెట్టిరి. నేడది జూబిలీహిల్సున నున్నది. నడుమ బడి మానినవారును, పొలములలో, కచేరీలలో, వంటయిండ్లలో దినము గడుపువారును అర్హతపరీక్ష నిచ్చి పట్టమునకు చదువ వీలయ్యెను. అచ్చుపుస్తకములు చేతికి వచ్చెడివి. రేడియో పాఠములు చెప్పెడిది.

చరిత్రమును చదివి గ్రహింపవచ్చును. చిక్కంతయు ఇంగ్లీషుతోనే. అది నోట పలుకవలసిన విద్య. రేడియో పలుకును గాని వినదు. (నా సంగతియు నంతే, మీ రావులించినను నాకు తెలియదు.) ‘షిప్’ అనవలసినచోట ‘షీప్’ అన్నచో దిద్దువా రెవరు? 1958లోనే హైదరాబాదున కేంద్ర ఆంగ్లభాషాసంస్థ వెలసి ఉపాధ్యాయులకు శిక్షణ మొసగెను. ఐనను ఒక్క ఉపాధ్యాయుడు అరువదిమంది పలుకుల నెట్లు వినగలడు? 2017లో తెలంగాణ ప్రభుత్వము టీ-శాట్ పేర పాఠములను టెలివిజనుకును, చేతిఫోనుకును చేర్చెను. అదియు చెప్పునదే.

ప్రత్యుత్తరమిచ్చు యంత్రము క్రొత్తది కాదు. 1966లోనే అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలిజా’ను నిర్మించెను, మన మాటనే త్రిప్పి మనల నడుగుటకంటె దానికి తెలిసినది స్వల్పము. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట పల్లెటూరి పిల్ల రాత్రి పదిగంటలకు ఫోనుతో ఇంగ్లీషున సంభాషింప సాధ్యమైనది. ఆ యేడే తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించెను. ఇంట ఇంగ్లీషు వినబడని బిడ్డకు ఈ తోడు చిన్నది కాదు. తప్పు పలికినను యంత్రము నవ్వదు. మనవారి నోటికి అడ్డుపడునది వ్యాకరణముకంటె సిగ్గే యని నా యభిప్రాయము.

ఐతే ఫిలింనగరు డబ్బింగు గదిలో ముఖ మొకరిది, గొంతు వేరొకరిది. తెరమీద నది కళ. యంత్రముచే ఉత్తరము వ్రాయించుకొని క్రింద సంతకము చేయు విద్యార్థిదియు డబ్బింగే. కొలువిచ్చువా రెదుట కూర్చుండబెట్టి యడిగిననాడు ఆ గొంతు వెంట రాదు. మఱియు నా యంత్రము ఎవరి కంఠములు విని నేర్చెనో వారి యుచ్చారణమునకే అలవడును. తెలుగువాని స్పష్టమైన మాటను గూడ తప్పుగా వినుట కలదు. లేని నియమమును ధైర్యముగా చెప్పుటయు కలదు.

కావున తరగతిలో మొదట పిల్లలు తమకు వచ్చిన ఇంగ్లీషులో నాలుగు పంక్తులు వ్రాయవలెను. పిమ్మట యంత్రము దిద్దవలెను. ఏ మాట యెందుకు మారెనో పిల్లలే ఉపాధ్యాయుని యెదుట నోట చెప్పవలెను. ఆ మూడవ పనికే సార్వత్రిక విద్యార్థులు ఆదివారమునాడు బస్సెక్కి అధ్యయనకేంద్రమునకు వచ్చెడివారు.