చద్ది ముందా, సాము ముందా

ప్రాతఃకాలమున వ్యాయామమునకు ముందు భుజింపవలెనా, పిదప భుజింపవలెనా యను ప్రశ్న వైద్యుల గదులలోను, నగరోద్యానములలోను నిన్న మొన్న పుట్టినదానివలె వినబడుచున్నను, ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూరు వంటి పాతపట్టణమును ఆశ్రయించి విచారించినచో దాని వేళ్లు మిక్కిలి లోతుగ పోయినవని తెలియగలదు. ఆ పట్టణమున, ఒకే యుదయమున, పరగడుపున గోదాలోనికి దిగి దండీలు తీసిన మల్లుడును, చద్ది త్రాగి నాగలి పట్టిన రైతును ఇరుగు పొరుగులై జీవించిరి. ఒకని యాచారము రెండవవానికి వింతగ తోచలేదు. పైకి పరస్పరవిరుద్ధములుగ కనబడు ఈ రెండు నియమములును ఏ కారణమున ఒక్కచోటనే తరతరములు నిలువగలిగెనో తెలిసికొనుట, ఏది మేలని తీర్పు చెప్పుటకంటె ముందు చేయవలసిన పని.

కలచురి వంశజులైన హైహయరాజులలో ఒక శాఖవారు రాయపూరు నేలిరి. పదునెనిమిదవ శతాబ్దిలో నాగపూరు భోంసలేలు ఛత్తీస్‌గఢ్ నాక్రమించిరి. 1818లో ఆగ్న్యూ అను ఆంగ్లాధికారి పరిపాలనా కేంద్రమును రతనపూరునుండి ఇచ్చటికి మార్చెను. 1854లో ఆ ప్రాంతము ఆంగ్లేయుల వశమయ్యెను. ఏలికలు మారినను పురానీ బస్తీ యనబడు పాతయూరి దినచర్య అంత వేగముగ మారలేదు. చెరువు గట్టున స్నానము, మహామాయ యాలయమున దర్శనము, మఠముల చెంత సాధువుల నివాసము, ఆఖాడాలో కుర్రవాండ్ర సాము — ఇవి యన్నియు ఉదయము తొలిజామున ఒకదానివెంట నొకటి సాగెడివి. పాలు మాత్రమే యాహారముగ గొనిన మహంతు బలభద్రదాసు వలన దూధాధారి మఠమునకు ఆ పేరు కలిగెను. దేహదార్ఢ్యమునకు పాలును నెయ్యియు మూలమను విశ్వాసము ఆ యూరి సాధువులకును మల్లులకును సమానమే.

ఆఖాడా యనగా మన తాలింఖానాయే. తెల్లవారకమునుపే శిష్యులు వచ్చి, గోదాలోని మట్టిని పారతో తిరుగద్రవ్వి, గడ్డలు చితుకగొట్టి, అందు పసుపును ఆవనూనెయు మజ్జిగయు కలిపి మెత్తగ చేయుదురు. అరగంట సేపు పార పట్టిన కుర్రవానికి ఆ త్రవ్వుటయే తొలి వ్యాయామము. పిమ్మట హనుమంతునకు మ్రొక్కి, లంగోటి బిగించి, దండీలు, బస్కీలు తీసి, ముద్గరములు త్రిప్పి, తుదకు జతలు జతలుగ కుస్తీ పట్టుదురు. ఇంతవరకును కడుపులో గ్రుక్కెడు నీరు తప్ప వేరొకటి యుండదు. చెమట ఆరుదాక మట్టి పూసికొని కూర్చుండి, పిదప స్నానమాడి, అప్పుడు రాత్రి నానవేసిన శనగలు నములుదురు. కలిగినవారు బాదంపప్పును రాతిపై నూరి పాలలో కలుపుకొని త్రాగుదురు. శనగలు నానిన నీటిని సైతము పారబోయక త్రాగువారు కలరు. శ్రావణమాసమున నాగపంచమినాడు కుస్తీపోటీలు జరుగునప్పుడు ఊరివారు చూచునది ఒక్కనాటి బలమే గాని, దాని వెనుక ఏడాది పొడుగున సాగిన ఈ వరుస వారి కన్నుల బడదు.

ఈ క్రమము మల్లుల కల్పన కాదు. వాగ్భటుని అష్టాంగహృదయములోని దినచర్యాధ్యాయమున బ్రాహ్మీముహూర్తమున మేల్కొనుట, దంతధావనము, అభ్యంగము, వ్యాయామము, ఉద్వర్తనము, స్నానము అను కృత్యములు కనబడును. భోజనము వాని వెనుకటి మాట. స్నానమాడక అన్నము ముట్టరాదను కట్టడి ఒకవైపు, చెమటతో స్నానపు శుచి చెడునను భావము వేరొకవైపు నుండగా, వ్యాయామము స్నానమునకు ముందును, అన్నము స్నానమునకు వెనుకను పడక తప్పదు. కావున పరగడుపున సాము చేయు ఆచారమునకు జీర్ణకోశమును గూర్చిన విచారముకంటె శౌచమును గూర్చిన విచారమే తొలి మూలమని నా నిశ్చితాభిప్రాయము.

వైద్యశాస్త్రమేమనుచున్నదని అడిగినచో, అది మనము తలంచినంత సులభమగు సమాధానము నీయదు. వ్యాయామము మానవలసినవారిని లెక్కించుచు సుశ్రుతుడు అప్పుడే భుజించినవానిని ఆ పట్టికలో చేర్చెను. చరకసంహితలో అట్టి పట్టికయందే ఆకలిగొన్నవాడును దప్పిగొన్నవాడును చేర్పబడిరి. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి చదువువారు అరుదు. చదివినచో నిండుకడుపునకును మండుకడుపునకును నడుమ నొక స్థితి కలదని, రాత్రి తిన్నది చక్కగ జీర్ణమై, దేహము తేలికయై, ఆకలి ఇంకను బాధింపని యా ఘడియయే వ్యాయామమునకు తగినదని తేలుచున్నది. అంతేకాదు. బలము కలిగి, స్నిగ్ధాహారము భుజించువారు సయితము అర్ధశక్తితోనే వ్యాయామము చేయవలెననియు, అదియు శీతకాలమునను వసంతమునను అనియు వాగ్భటుడు చెప్పెను. నుదుటను ముక్కుపైని కీళ్లయందును చెమట పొడమి, నోరెండనారంభించుట అర్ధశక్తికి గురుతని పెద్దల నిర్ణయము. స్నిగ్ధాహారమనగా నెయ్యి, నూనె, పాలు కలిగిన తిండి. రాత్రి నెయ్యి వేసికొని తిని పండుకొన్నవాని పరగడుపును, రాత్రియే అరకొరగ తిన్నవాని పరగడుపును ఒక్కటి కావు. శాస్త్రము మొదటివానిని గూర్చియే మాటలాడినది. ఈ భేదమును మరచి, ఖాళీకడుపున పరుగెత్తుట సర్వులకును హితమని చాటుట శాస్త్రమునకే అపచారమని నాకు తోచుచున్నది.

ఇక చద్ది త్రాగి నాగలి పట్టిన రైతు ఆచారమేమో ఛత్తీస్‌గఢ్ పల్లెలలో చూడవలెను. ఆ సీమయంతయు వరిచేలమయము, ధాన్యపు గిన్నె యని దానికి ప్రఖ్యాతి. అచ్చట పేదసాదల ప్రొద్దుటి యాహారము బాసీ. రాత్రి వండిన యన్నములో నీరు పోసి మూతవేసి యుంచగా తెల్లవారునప్పటికి అది కొంచెము పులిసి చల్లగ నుండును. ఉదయము వండిన యన్నమునే నీటిలో నానవేసి ఆనాడే తినినచో దానిని బోరే యందురు. కంచుగిన్నెలోనికి బాసీ తీసికొని, ఉప్పు వేసి, ఉల్లిపాయయు పచ్చిమిరపకాయయు నంజుకొని, కలిగిననాడు పెరుగు చేర్చుకొని, ఋతువును బట్టి చెంచ్ భాజీయో లాఖడీ భాజీయో ప్రక్కన పెట్టుకొని తిని, మిగిలిన నీటిని గిన్నె యెత్తి త్రాగి, రైతు పొలమునకు బయలుదేరును. చీకటితో నాగలి కట్టినవానికి కొంత ప్రొద్దెక్కిన పిదప ఇంటివారే బాసీని పొలమునకు కొనిపోవుటయు కలదు. వేసవిలో రాయపూరు ఎండ నలుబదియైదు డిగ్రీలను తాకు దినములు వచ్చును. అట్టి యెండలో దినమెల్ల పనిచేయువానికి ఆ గిన్నెలోని నీరు, ఉప్పు, సులభముగ జీర్ణమగు పిండిపదార్థము — మూడును అత్యవసరములే. అర్ధశక్తికి ఆగుటకు ఆతనికి స్వేచ్ఛ లేదు. చేను దున్నుట ముగియువరకు, లేదా మేస్త్రీ చాలుననువరకు, చెమటోడ్చవలసినదే. స్వేచ్ఛగ చెమట పట్టించుకొనువాడు పిదప తినెను, చెమట విధియైనవాడు ముందు తినెను. రాయపూరున రెండాచారములును ఘర్షణ లేక నిలిచిన రహస్యమిదియే.

మన తెలుగువారికి బాసీని వర్ణించి చెప్పవలసిన పనిలేదు. చద్దన్నము, తరవాణి, ఉల్లిపాయ, ఆవకాయబద్ద మన రైతుల నెత్తురులో కలిసినవి. విజయనగరమునుండి రాయపూరునకు రైలుమార్గము 1931లో పూర్తియైనప్పుడు, ఛత్తీస్‌గఢ్ పంటకును ఖనిజములకును తూర్పుతీరమునకు దారి తెరువబడెను. రెండేండ్లకు, 1933లో, విశాఖపట్టణపు ఓడరేవు ప్రారంభమయ్యెను. ధాన్యమును ఖనిజమును దిగువకు పోగా మనుష్యులు ఎగువకు వచ్చిరి. ఉత్తరాంధ్రమునుండి బంగాళ నాగపూరు రైల్వే కొలువులకును, కాలక్రమమున రాయపూరు వ్యాగను మరమ్మతు కార్ఖానాకును, 1959లో తొలి బ్లాస్టు ఫర్నేసు వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారమునకును వచ్చిన తెలుగు కుటుంబములు అచ్చటనే స్థిరపడినవి. భాష వేరైనను, పొరుగింటి బాసీగిన్నెలో వారికి తమ చద్దిగిన్నెయే కనబడియుండును. తెల్లవారుజామున కార్ఖానాకు పోవు శ్రామికునకు ముందు తినుటయా, పిదప తినుటయా యను సందేహమే లేదు.

ఆ రైలుమార్గమును తలచినప్పుడు కోడి రామమూర్తి నాయుడు స్మరణకు రాకుండుట అసాధ్యము. 1882 ప్రాంతమున వీరఘట్టమున జన్మించి, విజయనగరమున పెరిగి, మదరాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, కొంతకాలము వ్యాయామోపాధ్యాయుడై, పిదప సర్కసు స్థాపించి, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనియు, ఊపిరి పూరించి ఉక్కుగొలుసులు తెంచియు కలియుగభీముడని పేరొందిన ఆ మహాబలుడు శాకాహారి. 1942లో ఆయన దేహము చాలించిన బలాంగీరు నాడు పాట్నా సంస్థానమునకు ముఖ్యపట్టణము; రాయపూరు రైలు దాటిపోవు టిట్లాగఢ్ కూడ ఆ సంస్థానములోనిదే. మాంసము లేక బలము రాదని వాదించినవారికి ఆయన దేహమే సమాధానము. ఆయన బలమునకు ప్రాణాయామము మూలమని లోకప్రసిద్ధి. ప్రాణాయామమును నిండుకడుపున చేయరాదనుట యోగాభ్యాసకు లందరెరిగినదే. ఐనను హఠయోగప్రదీపిక అభ్యాసపు తొలిదినములలో పాలును నెయ్యియు గల భోజనమును ప్రశంసించినది. మితాహారమును చెప్పుచు కడుపులో నాలుగవపాలు ఖాళీగ నుంచుమన్నదే గాని మాడ్చుకొమ్మనలేదు. యోగికైనను మల్లునికైనను పరగడుపు వెనుక పుష్టియైన యాహారముండవలసినదే.

ఇక ఆంగ్లేయుల కాలమున మూడవ పద్ధతి యొకటి రాయపూరునకు వచ్చినది. హిందూదేశములోని దొరలు వేకువన లేవగనే చోటా హాజరీ యను పేర టీయు, రొట్టెముక్కయు, ఒక పండును పుచ్చుకొని, గుఱ్ఱపుస్వారికో కవాతుకో పోయి, ఎండ ముదురకమునుపే తిరిగివచ్చి పెద్ద ఫలాహారము చేయుచుండిరి. 1882లో జబ్బలపూరున సంస్థానాధీశుల కుమారులకొరకు స్థాపింపబడి, ఆ శతాబ్ది ముగియకమునుపే రాయపూరునకు తరలింపబడిన రాజకుమార కళాశాల ఇట్టి దొరల పద్ధతులకు నెలవైన విద్యాలయములలో నొకటి. వ్యాయామమునకు ముందు కొంచెము, పిదప ఎక్కువ — ఈ మధ్యమార్గము సుశ్రుతుని మాటను చరకుని మాటను తెలియకయే సమన్వయించినదని నే ననుకొందును.  

ప్రయోగశాలలలో జరిగిన నేటి పరిశోధనలు పాతయాచారములను త్రోసివేయలేదు. రాత్రి నిద్రలో కాలేయమందలి గ్లైకోజెను చాలవరకు వ్యయమగును. కండరములలోని నిలువ అట్లు తరుగదు. కావున పరగడుపున అరగంట, ముప్పావుగంట మితముగ నడచువానికి లోటు కలుగదు. ఆ నడకలో దేహము క్రొవ్వును కొంత హెచ్చుగ మండించును. కాని దినమంతటి లెక్కలో తిన్నది తగ్గనిచో, ముందు తినకపోయినంతమాత్రమున బరువు ప్రత్యేకముగ తగ్గునని రుజువు కాలేదు. గంటకు మించి తీవ్రశ్రమ చేయువానికి ముందుగ తినిన పిండిపదార్థము నిశ్చయముగ తోడ్పడును. కడుపునిండ తిని వెంటనే పరుగెత్తినచో, నెత్తురు జీర్ణకోశమునకును కండరములకును పంచబడి, వాంతియు కడుపునొప్పియు పుట్టుట అనుభవసిద్ధమే. ఆఖాడా కుర్రవాని తెల్లవారుజాము మొదటి కోవలోనిది, బాసీ త్రాగిన రైతు దినము రెండవ కోవలోనిది.

బాసీకి ఒక దుఃఖము పట్టినది. నాలుగక్షరములు చదివి పట్టణమునకు వచ్చిన రైతుబిడ్డ దానిని పేదరికపు గురుతుగ నెంచి, అతిథి ముందు గిన్నె దాచుకొనెను. మన చద్దన్నమునకును అదే గతి పట్టినది. 2022 మే 1వ తేది, శ్రామికదినమున, ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపునందుకొని ఛత్తీస్‌గఢ్ మంత్రులును అధికారులును బహిరంగముగ బోరే బాసీ తినిరి. అది రాజకీయమని తీసివేసినవారు కలరు. నాకు మాత్రము, తరతరములు ఏ తిండి బలముతో ఆ దేశపు వరి పండినదో ఆ తిండికి ఒక్కనాడైనను పీట వేయుట న్యాయమనియే తోచినది.

నేడు తెలీబాంధా చెరువు గట్టున వేకువన నడచువారిలో గుమాస్తాలు, వర్తకులు, పింఛనుదారులు హెచ్చు. వారు పరగడుపున నడచి, తిరుగుదారిలో బండియొద్ద వేడి పోహాయు జిలేబియు తినుట పట్టణపు పరిపాటి యైనది. ఈ వరుస మల్లునిది. శనగలకు బదులు చక్కెరపాకము వచ్చుట మాత్రము వానిది కాదు. వారిలో మధుమేహమునకు ఇన్సులిను పుచ్చుకొనువారికి, రక్తమందలి చక్కెర హఠాత్తుగ పడిపోవచ్చును గనుక, పరగడుపున దూరము నడువవలదనియు, ముందు కొంచెము తిని, జేబులో తీపి యుంచుకొని బయలుదేరవలెననియు వైద్యులు హెచ్చరించుచున్నారు. ఆకలిగొన్నవానిని చరకసంహిత వ్యాయామము మానవలసినవారి పట్టికలో ఏల చేర్చెనో ఆ వ్యాధిగ్రస్తులకు వేరుగ చెప్పవలసిన పనిలేదు.