టుగెదర్‌నెస్

మాట పాతదే. దాన్ని నినాదంగా ఊరేగించింది మాత్రం అమెరికాలోని మెకాల్స్ అనే మహిళల పత్రిక, 1954లో. భర్త, భార్య, పిల్లలు అన్నీ కలిసే చేసుకోవాలంది. వినడానికి ఎంత ముచ్చటో! సెలవురోజున ఆయన పెరట్లో మాంసం కాలుస్తాడు. ఆ గిన్నెలు తోమేది, మిగతా ఆరు రోజుల చాకిరీ చేసేది ఆవిడే. ఆ కలివిడిలో ఆమెకు విడిగా ఒక పనీ, ఒక ఆలోచనా లేకుండా పోయాయి.

అమెరికన్ స్త్రీవాద రచయిత్రి బెట్టీ ఫ్రీడన్, స్మిత్ కాలేజీలో తనతో చదివిన స్త్రీలకు 1957లో వాళ్ల జీవితాల గురించి ప్రశ్నలు పంపి, వాళ్ల జవాబులతో వ్యాసం రాస్తే, వద్దన్న పత్రికల్లో మెకాల్స్ ఒకటి. ఆ పనే పెరిగి 1963లో ‘ది ఫెమినిన్ మిస్టిక్’ పుస్తకమైంది. ఈలోగానే ఆ నినాదం మూలపడింది. 1971 నుంచి అదే మెకాల్స్‌లో ఫ్రీడన్ ఒక శీర్షిక నిర్వహించింది.