4.3 భూకంప తరంగాల క్షీణత – 150 కిలోటన్నుల వివాదం

4.3.1 పరిచయం

1974 జూలై 3న అమెరికా, సోవియట్ యూనియన్ మాస్కోలో ఒక ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం ఏ దేశమూ 150 కిలోటన్నులకు మించిన భూగర్భ అణ్వాయుధ పరీక్ష జరపరాదు. అయితే సోవియట్ పరీక్షల శక్తిని అంచనా వేయడానికి అమెరికాకు ఉన్న ప్రధాన సాధనం దూరదేశాల్లోని భూకంపలేఖినులే. వాటిలో నమోదైన తరంగాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న శాస్త్ర ప్రశ్న రాజకీయ వివాదంగా మారిన తీరును ఈ భాగంలో తెలుసుకుందాం.

4.3.2 తరంగాలు ఎందుకు బలహీనపడతాయి?

దూరం పెరిగేకొద్దీ తరంగ శక్తి ఎక్కువ వైశాల్యానికి పరుచుకుంటుంది. ఇది కాక మరో రెండు కారణాలున్నాయి.

శోషణం: శిలల్లోని అంతర్గత ఘర్షణ వల్ల తరంగ శక్తిలో కొంత ఉష్ణంగా మారుతుంది. ఈ శక్తి తిరిగిరాదు. వేడి శిలల్లో శోషణం ఎక్కువ. చల్లని, ప్రాచీన శిలల్లో తక్కువ.

పరిక్షేపణం: పగుళ్లు, అసమాన శిలలు తగిలినపుడు తరంగం పలు దిశలకు చెదురుతుంది. శక్తి నశించదు, దారి మళ్లి ఆలస్యంగా చేరుతుంది.

తొలి తరంగాన్ని మాత్రమే చూస్తే ఈ రెండింటి ఫలితమూ ఒకటే: కంపన పరిమితి తగ్గుతుంది.

4.3.3 నెవాడా కొలబద్ద

అమెరికా తన పరీక్షలను ఎక్కువగా నెవాడాలో జరిపింది. అక్కడ భూపటలం కింది ప్రావారం వేడిగా ఉండి, తరంగాలను అధికంగా శోషిస్తుంది. కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్‌స్క్ కింద ప్రావారం చల్లగా, స్థిరంగా ఉంటుంది. అందువల్ల ఒకే శక్తి గల పేలుడు సెమిపలాటిన్‌స్క్‌లో జరిగితే దాని పరిమాణం సుమారు 0.3 నుంచి 0.4 వరకు ఎక్కువగా నమోదవుతుంది. నెవాడా సూత్రాన్ని సవరించకుండా వాడితే పేలుడు శక్తి అసలు కంటే రెండు, మూడు రెట్లుగా కనిపిస్తుంది. అంటే పరిమితికి లోబడిన పరీక్ష కూడా ఉల్లంఘనలా తోస్తుంది. ఈ సవరణ ఎంత ఉండాలన్నదే వివాదం. 1984లో రీగన్ ప్రభుత్వం కాంగ్రెస్‌కు పంపిన నివేదికలో సోవియట్ యూనియన్ ఒప్పందాన్ని ఉల్లంఘించి ఉండవచ్చని ఆరోపించింది.

4.3.4 పరిక్షేపణం చేసిన మేలు

భూపటలంలోనే పదేపదే పరావర్తనం, పరిక్షేపణం చెందుతూ ప్రయాణించే తరంగాలను ఎల్‌జి తరంగాలు అంటారు. ఇవి అనేక మార్గాల్లో వస్తాయి కాబట్టి ఒక్కో మార్గంలోని తేడాలు సగటులో సర్దుకుంటాయి. పేలుడు కింది ప్రావార శోషణం ప్రభావం కూడా వీటిపై తక్కువ. 1986లో ఆటో నట్లీ ఈ తరంగాలతోనే నెవాడా, కజకిస్తాన్ పేలుళ్లను అంచనా వేశాడు. లేఖనంలో చిక్కుగా భావించిన పరిక్షేపణం ఇక్కడ సహాయకారి అయింది.

4.3.5 ఉమ్మడి ప్రయోగం

1988లో ఆగస్టు 17న నెవాడాలో, సెప్టెంబరు 14న సెమిపలాటిన్‌స్క్‌లో ఇరుదేశాల నిపుణుల సమక్షంలో పేలుళ్లు జరిపి, వాటి శక్తిని అక్కడికక్కడే కొలిచారు. ఒప్పందం 1990 డిసెంబరు 11న అమలులోకి వచ్చింది.

4.3.6 సారాంశం

లేఖిని చూపేది పేలుడును మాత్రమే కాదు, తరంగం దాటివచ్చిన భూమిని కూడా. ఆ భూమి ఎంత శోషించిందో, ఎంత చెదరగొట్టిందో తెలియకుండా లేఖనాన్ని సాక్ష్యంగా తీసుకోరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. శోషణానికీ పరిక్షేపణానికీ గల భేదమేమి?
2. నెవాడా సూత్రం సెమిపలాటిన్‌స్క్‌కు నేరుగా ఎందుకు వర్తించదు?